తుపాకీ కొనే ముందు మీ ఎకరాలు నడిచి చూడండి

(టెక్సస్‌లో జింక వేట, వేట భూముల నిర్వహణ గురించి డాలస్ పరిసరాల తెలుగువారి ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు కూడా కూర్చోండి, పిల్లలు వినాల్సిన మాటలే ఇవి.

ఈ మధ్య మనవాళ్లలో ఎవరిని కలిసినా ల్యాండ్ మాటే. ఒకరు లానో కౌంటీలో ఇరవై ఎకరాలు కొన్నారు. నలుగురు స్నేహితులు కలిసి లాంపాసస్ దగ్గర నలభై కొన్నారు. రిజిస్ట్రేషన్ అయిన నెలలోపే నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, జింకలు బాగా తిరుగుతున్నాయి, ఏ గన్ కొనమంటావు?" దానికి సమాధానం చెబుతాను, దాటెయ్యను. కానీ ముందు అడగాల్సింది వేరే ఉంది. ఆ ఇరవై ఎకరాల్లో మీరు తుపాకీ పేల్చవచ్చా? పేలిస్తే ఆ తూటా ఎక్కడికి పోయి ఆగుతుంది? ఆ నేల మీద జింక తినడానికి ఏముంది? ఈ మూడూ తేలితే ఏ గన్ అన్నది అరగంట పని. ఇవి తేలకుండా మూడు వేల డాలర్ల రైఫిల్ కొన్నా లాభం లేదు.

వేట అనగానే ఇబ్బందిపడే వాళ్లు ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు. అది సహజం. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. అక్కడ మిగిలిన అడవి ఎంత, మిగిలిన జంతువులు ఎన్ని? ఆ చట్టం అక్కడ ఉండాల్సిందే. ఇక్కడి సంగతి వేరు. 1900 నాటికి అమెరికా మొత్తం మీద తెల్లతోక జింకలు అయిదు లక్షలకు మించి లేవని అంచనా. మాంసం, తోళ్లు అమ్ముకునే వేటగాళ్లు తుడిచిపెట్టేశారు. ఆ తరవాత వేట మాంసం వ్యాపారాన్ని ఆపారు, సీజన్లు పెట్టారు, లైసెన్సులు పెట్టారు. ఇవాళ దేశంలో మూడు కోట్ల దాకా ఉన్నాయి. ఒక్క టెక్సస్‌లోనే 50 లక్షల పైచిలుకు. తోడేళ్లు ఈ రాష్ట్రంలో లేకుండా పోయాయి. మరి వీటి సంఖ్యను అదుపులో పెట్టేది ఎవరు? కరువు, ఆకలి, హైవే మీద కార్లు. లేకపోతే వేటగాడు. ఆలోచించండి, ఏది మేలు?

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1937లో పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. రైఫిళ్లు, తూటాల మీద తయారీదారు దగ్గరే 11 శాతం పన్ను. ఆ డబ్బు ఫెడరల్ ప్రభుత్వం ద్వారా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తుంది. మీరు ఒక తూటాల డబ్బా కొంటే, అందులో కొంత ఏదో ఒక పక్షికో జింకకో నేల బాగుచేయడానికి పోతుంది. తుపాకీ ఇష్టం లేనివాళ్లు కూడా ఈ విషయం తెలుసుకోవాలని నా కోరిక.

సరే, చట్టం. ఇది మనవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యం, కొంచెం జాగ్రత్తగా వినండి. మీరు హెచ్-1 మీద ఉన్నారా? ఎఫ్-1, హెచ్-4 మీద ఉన్నారా? అయితే ఫెడరల్ చట్టం ప్రకారం మీ దగ్గర తుపాకీ ఉండటమే నేరం. తుపాకీ ఒక్కటే కాదు, ఒక్క తూటా ఉన్నా నేరమే. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటే. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో మీ చేతిలో ఉండాలి. షాపులో కొనేటప్పుడు కూడా అది చూపించాలి. ఇక్కడే చాలామంది ఒక సంగతి మరిచిపోతారు. టెక్సస్ లైసెన్స్ ఆగస్టు 31న ముగుస్తుంది. మీరు నవంబరులో కొన్నా, జనవరిలో కొన్నా, ఆగస్టు 31నే ముగుస్తుంది. రెన్యూ చేయకపోతే సెప్టెంబరు 1 నుంచి మీ అల్మారాలో ఉన్న ఆ రైఫిలే మీ వీసాకు గండం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. మీ స్టేటస్ ఏ మాత్రం చిక్కుగా ఉన్నా, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే అడుగు వేయండి. స్నేహితుడు చెప్పాడని వేయొద్దు. నేను చెప్పానని కూడా వేయొద్దు.

ఇక హంటర్ ఎడ్యుకేషన్, అంటే వేటగాళ్ల శిక్షణ. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్లందరికీ తప్పనిసరి. ఆన్‌లైన్‌లో చేయవచ్చు, కానీ నా మాట విని క్లాసుకు వెళ్లండి. తుపాకీ చేతిలోకి తీసుకుని, అది ఖాళీ అని మీ కళ్లతో, మీ వేలితో తడిమి చూసుకోవడం స్క్రీన్ మీద రాదు. తొమ్మిదేళ్ల పిల్లల నుంచి సర్టిఫికెట్ ఇస్తారు. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.

సీజన్ మామూలుగా నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఉత్తర జోన్‌లో జనవరి మొదట్లో, దక్షిణ జోన్‌లో జనవరి మూడో ఆదివారానికి ముగుస్తుంది. విల్లుకు అంతకన్నా ముందే, సెప్టెంబరు చివర్లో తెరుస్తారు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరవాత అరగంట దాకా మాత్రమే. ఒక లైసెన్స్ మీద ఏడాదికి మొత్తం అయిదు తెల్లతోక జింకలు, అందులో మగవి మూడుకు మించకూడదు. కానీ ఇది రాష్ట్రం మొత్తానికి చెప్పే లెక్క. మీ కౌంటీ లెక్క ఇంకా తక్కువ ఉండవచ్చు. ఏ ఏడైనా మారవచ్చు కాబట్టి ప్రతి ఏడూ టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లో మీ కౌంటీ పేజీ తెరిచి చదవండి.

చాలా కౌంటీల్లో కొమ్ముల నిబంధన ఉంది. మగ జింక కొమ్ముల లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉండాలి, లేదా కనీసం ఒక కొమ్ము కొమ్మలు వేయకుండా ఒంటిగా ఉండాలి. దూరం నుంచి 13 అంగుళాలు ఎలా కొలుస్తారు? చెవులు చూసి. జింక అలికిడి విని చెవులు రిక్కించి మీ వైపు చూసినప్పుడు, ఒక చెవి కొస నుంచి ఇంకో చెవి కొసకు దాదాపు 13 అంగుళాలు ఉంటుంది. కొమ్ములు చెవుల కన్నా వెలుపలికి ఉంటే సరిపోయినట్టు. అనుమానంగా ఉందా? వదిలెయ్యండి. రెండేళ్లు ఆగితే అదే జింక పెద్దదవుతుంది.

ఇప్పుడు గన్. మీరు ఎదురు చూస్తున్నది ఇదేగా!

మొదట, .22 రైఫిల్‌తో జింకను కొట్టకూడదు. టెక్సస్‌లో రిమ్‌ఫైర్ తూటా (అడుగు అంచున పిన్ను తగిలి పేలేది) ఏదైనా జింకకు నిషిద్ధం. చట్టం పక్కన పెట్టినా అది పాపం, జింక గాయపడి పారిపోయి రెండు రోజులకు చస్తుంది. సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో పిన్ను తగిలి పేలే) రైఫిల్ కావాలి. బోల్ట్ యాక్షన్ తీసుకోండి. మొదటి తుపాకీగా దానంత మంచిది లేదు. ఒక తూటా కాల్చాక చేత్తో బోల్ట్ లాగితేనే రెండోది ఎక్కుతుంది. ఆ రెండు సెకన్లలో మనిషి ఆలోచిస్తాడు. బోల్ట్ తెరిచి ఉంటే అది పేలదని పక్కవాడికి కూడా దూరం నుంచి కనిపిస్తుంది.

కాలిబర్ (తూటా సైజు) గురించి రోజంతా వాదించుకునేవాళ్లు ఉన్నారు. నేను సూటిగా చెబుతాను. హిల్ కంట్రీ (మధ్య టెక్సస్ కొండల ప్రాంతం) జింక ఉత్తరాది జింకలతో పోలిస్తే చాలా చిన్నది. దానికి .300 మాగ్నమ్ అవసరం లేదు. సన్నగా ఉన్నవాళ్లు, మొదటిసారి పట్టుకునేవాళ్లు, పద్నాలుగేళ్ల పిల్లలు అయితే .243 విన్‌చెస్టర్. భుజానికి తన్ను తక్కువ. కొంచెం అలవాటైతే 7ఎంఎం-08 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ. ముందు ముందు అడవి పందుల్ని, నీల్గాయిని కూడా కొట్టాలనుకునేవాళ్లకు .308. తూటాలు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి. .30-06, .270 కూడా వంద ఏళ్లుగా జింకల్ని కొడుతున్నవే, ఎవరైనా మామయ్య ఇస్తే సంతోషంగా తీసుకోండి. వీటిలో ఏది కొన్నా జింకకు తేడా తెలియదు. తేడా తెలిసేది మీ భుజానికి.

ఎందుకు తన్ను గురించి ఇంతగా చెబుతున్నాను? గట్టిగా తన్నే తుపాకీతో మూడు నాలుగు సార్లు కాల్చాక శరీరం భయం నేర్చుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కన్ను మూసుకుంటుంది, భుజం ముందుకు తోస్తుంది. అదే ఫ్లించ్ అంటారు. ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం కష్టం. మీరు భయపడకుండా నలభై తూటాలు కాల్చగలిగిన తుపాకీయే మీ తుపాకీ. షాపులో చూసేటప్పుడు కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తండి, చెంప స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) మీద ఆనించండి, తరవాత కళ్లు తెరవండి. స్కోప్‌లో (తుపాకీ మీది దుర్బిణిలో) బొమ్మ గుండ్రంగా, నిండుగా కనిపించాలి. మెడ చాచాల్సి వస్తే, తల ఎత్తాల్సి వస్తే ఆ స్టాక్ మీకు సరిపోలేదు. ఎత్తు తక్కువ ఉన్న ఆడవాళ్లకు, పిల్లలకు పొట్టి స్టాక్ మోడళ్లు వస్తాయి, అడిగి తీసుకోండి.

కంపెనీ ఏదంటారా? రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, కొంచెం ఎక్కువ పెట్టగలిగితే టిక్కా. మొదటి రెండింటిలో ఏది కొన్నా చాలు. మిగిలిన డబ్బు స్కోప్ మీద పెట్టండి, తూటాల మీద పెట్టండి, రేంజ్ (కాల్పులు సాధన చేసే చోటు) ఫీజు మీద పెట్టండి. స్కోప్ అంటే మామూలు 3-9x40, మూడు నుంచి తొమ్మిది రెట్లు పెంచి చూపేది. పెద్ద పెద్ద నంబర్లున్నవి వద్దు. చీకటి పడే వేళ పొద దగ్గర నిలబడ్డ జింకను 20 రెట్లు పెంచి చూస్తే స్కోప్ నిండా వెంట్రుకలే కనిపిస్తాయి, తల ఎటు ఉందో తెలియదు. మూడు రెట్ల మీద ఉంచుకుని కూర్చోండి.

ఇప్పుడు గురి కుదర్చడం. ఇది షాపువాడు చేసి ఇచ్చాడని వదిలేస్తారు. షాపులో చేసేది బోర్‌సైట్ (కాల్చకుండా, గొట్టం చూసి సుమారుగా గురి కుదర్చడం) మాత్రమే, దాంతో జింకను కొట్టకండి. రేంజ్‌కి వెళ్లండి. చెవులకు ప్లగ్‌లు, వాటి మీద మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. కళ్లకు అద్దాలు. రైఫిల్ ముందు భాగం ఇసుక సంచి మీద, వెనక భాగం ఇంకో చిన్న సంచి మీద. ముందు 25 గజాల దగ్గర కాల్చండి, వంద దగ్గర మొదలుపెడితే తూటా కాగితం మీదే పడకపోవచ్చు, ఎటు పోయిందో తెలియక తూటాలన్నీ అయిపోతాయి. స్కోప్ మీద ఒక్కో క్లిక్ వంద గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. అంటే 25 గజాల దగ్గర అందులో నాలుగో వంతు. కాగితం మీద రంధ్రం అంగుళం కిందకు ఉందా? పదహారు క్లిక్‌లు పైకి. ఈ లెక్క మరిచిపోయి నాలుగు క్లిక్‌లు తిప్పి, స్కోప్ చెడిపోయిందని తిరిగి ఇచ్చేసే వాళ్లున్నారు. తరవాత వంద గజాలకు వెళ్లండి. మూడేసి తూటాలు కాల్చండి, ఒక్కటి చూసి క్లిక్ తిప్పొద్దు. మూడు రంధ్రాల మధ్య బిందువు చూసి తిప్పండి. గొట్టం వేడెక్కితే ఆగండి, నీళ్లు తాగండి. .308 అయితే వంద దగ్గర రెండు అంగుళాలు పైకి పెట్టుకుంటే రెండు వందల గజాల దగ్గర సరిగ్గా వచ్చి పడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల పళ్లెం అంత. అంటే రెండు వందల దాకా మీరు లెక్కలేమీ వేయకుండా గురి పెట్టవచ్చు. మీ ఇరవై ఎకరాల్లో అంతకన్నా దూరం ఎక్కడుంది చెప్పండి?

బెంచీ మీద కుదిరాక బెంచీ వదిలేయండి. వేటలో బెంచీ ఉండదు. మోకాలి మీద, బ్లైండ్ (వేటగాడు దాక్కుని కూర్చునే చిన్న గది) కిటికీ అంచు మీద, షూటింగ్ స్టిక్ మీద కాల్చి చూడండి. ఎంత దూరంలో అయిదుకు అయిదూ ఆ పళ్లెంలో పడతాయో, అదీ మీ దూరం. ఒకరికి 80 గజాలు, ఒకరికి 150. అంతకు మించి జింక నిలబడితే చూసి ఆనందించండి.

ఎక్కడ కొట్టాలి? జింక అడ్డంగా నిలబడినప్పుడు, ముందు కాలు వెంబడి పైకి వెళ్లండి, ఛాతీలో మూడో వంతు ఎత్తు దగ్గర, కాలి వెనక అంచున. మీకు ఎదురుగా నిలబడితే ఆగండి. తిరిగి వెళ్తుంటే ఆగండి. తలకు గురి పెట్టకండి, తల ఎప్పుడూ కదులుతుంది, దవడ పగిలిన జింక ఆకలితో చస్తుంది. కాల్చాక బోల్ట్ లాగి, అక్కడే కూర్చుని అరగంట ఆగండి. ఈ అరగంట ఆగలేక ఎన్ని జింకలు పోగొట్టుకున్నారో! తరుముకుంటూ వెళ్తే గాయపడ్డది లేచి పక్కవాళ్ల భూమిలోకి పోతుంది. పక్కవాళ్ల అనుమతి లేకుండా మీరు కంచె దాటలేరు.

తూటాల గురించి ఒక్క మాట, తల్లుల కోసం. సీసం తూటా జింకలో పగిలినప్పుడు కంటికి కనపడని ముక్కలు గాయానికి చాలా దూరం దాకా మాంసంలో చేరతాయి. ఆ మాంసం పిల్లలు తింటారు, గర్భిణులు తింటారు. పూర్తిగా రాగితో చేసిన తూటాలు వస్తున్నాయి, డబ్బాకు కొన్ని డాలర్లు ఎక్కువ. అవే వాడండి. ఆ తూటాతోనే గురి కుదర్చండి, ఎందుకంటే తూటా మారితే పడే చోటు మారుతుంది.

మిగతా సామాను గురించి ఎక్కువ చెప్పను. బైనాక్యులర్ కొనండి. మంచిది కొనండి. కదిలేది ఏదో చూడటానికి రైఫిల్ స్కోప్ ఎత్తి చూశారంటే, మీరు దాని మీద తుపాకీ ఎక్కుపెట్టినట్టే. అది మనిషైతే? నారింజ రంగు చొక్కా, టోపీ ప్రభుత్వ భూముల్లో తప్పనిసరి, సొంత భూమిలో చట్టం అడగకపోయినా వేసుకోండి. జింకకు ఆ రంగు మనకు కనిపించినట్టు కనిపించదు. దానికి బాగా కనిపించేది నీలం. జీన్స్ వేసుకుని వెళ్లేవాళ్లు అది గుర్తుపెట్టుకోండి. చెట్టు మీద స్టాండ్ ఎక్కేవాళ్లు నేల మీద నుంచే హార్నెస్ (పడకుండా ఆపే పట్టీలు) తగిలించుకుని ఎక్కాలి, పడిపోయి నడుములు విరిగినవాళ్లు చాలామంది. ఒక కత్తి, తలకు కట్టుకునే లైటు, రెండు ఐస్ చెస్ట్‌లు. నవంబరులో కూడా టెక్సస్ మధ్యాహ్నం ఎండ కాస్తుంది. కొట్టిన గంటలోపు పేగులు తీసి, మాంసం చల్లబరచాలి. వాసన వస్తోందని జింక మాంసాన్ని తప్పుపడతారు, అది జింక వాసన కాదు, ఆలస్యం వాసన. తినదగ్గ మాంసాన్ని వృథా చేయడం ఇక్కడ నేరం కూడా.

ఇక నేల. నేను ఇవాళ వచ్చింది దీని కోసం.

ఇరవై ఎకరాలు నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క ఎంత? 311 గజాలు. మీరు సరిగ్గా నడిమధ్యలో నిలబడినా, కంచె 155 గజాల్లో ఉంది. .308 తూటా మైళ్ల దూరం పోతుంది. తూటా మీ హద్దు దాటితే, అవతలి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, టెక్సస్‌లో అది నేరం. అవతల ఇల్లుంటే, పిల్లలు ఆడుకుంటుంటే? అందుకే ఎత్తయిన మంచె వేసుకోండి. పది, పన్నెండు అడుగుల పైనుంచి కాలిస్తే తూటా కిందికి దిగుతుంది, జింకను దాటినా నేలలో దిగబడుతుంది. మంచె ఎక్కడ వేయాలో మధ్యాహ్నం పూట నడిచి చూడండి. ఇళ్లు, రోడ్లు, పశువులు ఏ దిక్కున ఉన్నాయో కాగితం మీద గీసుకుని, ఆ దిక్కులకు కాల్చనని రాసి బ్లైండ్ లోపల అతికించండి. చీకట్లో కూర్చున్నప్పుడు అది పనికొస్తుంది. కొన్ని కౌంటీల్లో సబ్‌డివిజన్‌లో పది ఎకరాలు, అంతకన్నా చిన్న ముక్కల్లో పేల్చడం మీద ఆంక్షలు ఉంటాయి. కౌంటీ వాళ్లను అడగండి. స్థలం అంత చిన్నదైతే రైఫిల్ మానేసి విల్లు గానీ క్రాస్‌బో గానీ నేర్చుకోండి. నేను సంతోషంగా నేర్పిస్తాను. కాకపోతే బాణం కూడా హద్దు దాటకూడదు.

కంచె స్తంభాల మీద, చెట్ల మీద ఊదా రంగు నిలువు గీతలు చూశారా? బోర్డు లేకపోయినా, రావద్దని అర్థం. నేల నుంచి మూడు, అయిదు అడుగుల మధ్య, ఎనిమిది అంగుళాల గీత. చట్టం ముందు బోర్డు ఎంతో అదీ అంతే. మీ హద్దులకూ వేసుకోండి, ఇతరులవి గౌరవించండి.

ఇంకో నిజం. ఆ జింకలు మీవి కావు. భూమి మీది, జింక టెక్సస్ ప్రజలది. ఒక మగ జింక తిరిగే ప్రాంతం చదరపు మైలు, అంటే 640 ఎకరాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీ ఇరవై ఎకరాలు దాని దినచర్యలో ఒక మలుపు. మీరు చిన్నదాన్ని వదిలేస్తే పక్కవాడు కొడతాడు. మరి ఏం చేయాలి? పక్కవాడి గేటు దగ్గరికి వెళ్లి పలకరించాలి. టెక్సస్‌లో చిన్న చిన్న భూముల వాళ్లు కలిసి వైల్డ్‌లైఫ్ అసోసియేషన్లు పెట్టుకుంటారు, ఏ వయసు మగవాటిని వదలాలో, ఆడవాటిని ఎన్ని తీయాలో కలిసి అనుకుంటారు. మనవాళ్లు భూమి కొంటారు, గేటుకు తాళం వేస్తారు, నెలకోసారి వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్తారు. పక్క రాంచ్ ముసలాయన పేరు ఏంటో తెలియదు. ఆయన అక్కడ నలభై ఏళ్లుగా ఉన్నాడు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, జింక ఏ దారిన దిగుతుందో ఆయనకు తెలుసు. ఒక సాయంత్రం ఆయనతో కూర్చోండి.

మీ భూమిలో జింకలు ఎక్కువున్నాయా తక్కువున్నాయా? లెక్కపెట్టకుండానే చెప్పే గుర్తు ఒకటుంది. లైవ్ ఓక్ చెట్ల కింద నిలబడి చుట్టూ చూడండి. నాలుగడుగుల ఎత్తు దాకా ఒక్క చిగురు కూడా లేకుండా, ఎవరో కత్తిరించినట్టు సమంగా ఉందా? అంటే మూతికి అందినదంతా తినేశాయి. ఆ నేల మీద జింకలు పట్టనంత ఉన్నాయి. ఇక మీరు ఎంత మేత వేసినా కొమ్ములు పెరగవు. తెల్లతోక జింక గడ్డి తిని బతికే జంతువు కాదు. పొదల చిగుళ్లు, వెడల్పాకు మొక్కలు, ఓక్ గింజలు దాని తిండి. గడ్డి కోయించి పచ్చటి లాన్‌లా చేశామని మురిసిపోతాం. జింకకు అక్కడ తినడానికేమీ లేదు. మీరు కలుపు అని మందు కొట్టించే మొక్కలే దాని భోజనం.

అప్పుడు మనం ఏం చేస్తాం? ఫీడర్, అంటే మేత వెదజల్లే డబ్బా పెట్టి మొక్కజొన్న పోస్తాం. సొంత భూమిలో అది చట్టబద్ధమే. కానీ మొక్కజొన్న జింకకు మిఠాయి లాంటిది, శక్తి ఉంటుంది, మాంసకృత్తులు తక్కువ. జింకను మంచె ముందుకు రప్పించడానికి పనికొస్తుంది, పెంచడానికి పనికిరాదు. బూజు పట్టిన మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ ఉంటుంది, పక్షులకు, జింకలకు విషం. సంచి మీద 20 పీపీబీ (వంద కోట్లలో 20 వంతులు) లోపు అని రాసి ఉన్నది చూసి కొనండి, తడిసింది పారెయ్యండి.

నేలను బాగుచేయాలంటే ముందు సీడార్. మనం సీడార్ అనేది ఆష్ జూనిపర్. కార్చిచ్చులు ఆగిపోయాక, పశువులు గడ్డి నాకేశాక, అది అంతా కమ్మేసింది. అలాగని బుల్‌డోజర్ పెట్టి మొత్తం ఊడ్చెయ్యకండి. వాలుల మీద మట్టి కొట్టుకుపోతుంది, జింక దాక్కునే చోటు పోతుంది. అక్కడక్కడా గుంపులు వదిలి, మధ్యలో తీయండి. తీసిన కొమ్మల్ని చిన్న ఓక్ మొలకల చుట్టూ పేర్చండి, జింక మూతి అందకుండా అవి పైకి లేస్తాయి. ఓక్ కొమ్మలు మాత్రం ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొట్టకండి. ఓక్ విల్ట్ అనే తెగులు అప్పుడే పురుగుల ద్వారా గాయాల్లోకి చేరుతుంది. ఏ నెలలో కొట్టినా గాయానికి వెంటనే పెయింట్ వేయండి. వంద ఏళ్ల చెట్లు కొన్ని నెలల్లో ఎండిపోతాయి, వేళ్ల ద్వారా పక్క చెట్టుకు పాకుతుంది. మీ రంపం పని పక్కవాడి తోటను కూడా చంపవచ్చు.

రెండో పని, ఆడ జింకల్ని తీయడం. మనవాళ్లకు ఇది మనసొప్పదు. అందరికీ పెద్ద కొమ్ములే కావాలి. కానీ నేల మోయలేనంత మంద ఉంటే తగ్గించేది ఆడవాటిని తీస్తేనే. మీ కౌంటీలో అనుమతి ఉంటే, సీజన్ మొదట్లోనే తీయండి, మిగిలినవాటికి చలికాలం తిండి మిగులుతుంది.

ఇంకో జింక సంగతి. మన నల్లమలలో తిరిగే చుక్కల దుప్పి ఇక్కడ హిల్ కంట్రీలో వేల సంఖ్యలో ఉంది. 1930లలో తెచ్చి వదిలారు. మీ ఫీడర్ దగ్గర కనిపిస్తే మనూరు గుర్తొచ్చి మనసు కరుగుతుంది, నాకు తెలుసు. కానీ ఇక్కడ అది బయటి జంతువు. చిగుళ్లు అయిపోతే గడ్డికి మారి బతుకుతుంది. తెల్లతోక మారలేదు. కెర్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలో 1970లలో 96 ఎకరాల కంచెలో తెల్లతోకవి ఆరు, జపాన్ వైపు నుంచి వచ్చిన సికా జింకలు ఆరు కలిపి వదిలారు. పదేళ్లు తిరగకుండానే తెల్లతోకవి ఒక్కటీ మిగల్లేదు, సికా మందలుగా పెరిగింది. దుప్పిదీ అదే ఒరవడి. అందుకే దానికి సీజన్ లేదు, సంఖ్య పరిమితి లేదు. హంటింగ్ లైసెన్స్ మాత్రం కావాలి. మాంసం కోసం వేట నేర్చుకోవాలంటే మొదట దుప్పినే కొట్టమంటాను. నేలకూ మేలు.

భూమి మీద ఆస్తి పన్ను సంగతి అడుగుతారని తెలుసు. 1995లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్నారు, వన్యప్రాణి నిర్వహణను కూడా వ్యవసాయంగానే లెక్కిస్తారు. ఆవులు పెట్టాల్సిన పని లేదు. కానీ అంతకు ముందు ఏడాది ఆ భూమి వ్యవసాయ లేదా కలప వాల్యుయేషన్‌లో (పన్ను కోసం కట్టే విలువలో) ఉండి ఉండాలి. ఏడు పనులున్నాయి: ఆవాసం బాగుచేయడం, నేల కోత ఆపడం, హాని చేసే జంతువుల అదుపు, నీరు, మేత, ఆశ్రయం, లెక్కలు తీయడం. వీటిలో కనీసం మూడు ప్రతి ఏడూ నిజంగా చేయాలి. ఫారం ఏప్రిల్ 30 లోపు మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి ఇవ్వాలి. పెద్ద భూమిని ముక్కలు చేసి అమ్మినదాన్ని కొన్నారా? అప్పుడు కనీస విస్తీర్ణం నిబంధన తగలవచ్చు, కొనే ముందే అడగండి. రసీదులు దాచండి, ఫొటోలు తీయండి. నీళ్ల తొట్టి పెడితే లోపల చిన్న ర్యాంప్ పెట్టండి, ఉడతలు, పిట్టలు పడి చావకుండా ఎక్కి వస్తాయి. పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ బయాలజిస్ట్ ఉచితంగా మీ భూమికి వచ్చి, మీతో నడిచి సలహా ఇస్తారు. ఉచితంగా! ఎందుకు పిలవరు?

చివరగా రెండు జాగ్రత్తలు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు టెక్సస్ జింకల్లో 2012లో మొదట బయటపడింది. జింక మెదడును తినేసే జబ్బు, మందు లేదు. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు, అయినా ఆ జబ్బున్న మాంసం తినొద్దంటారు. ఆ జబ్బు మీ ప్రాంతంలో బయటపడిందేమో చూడండి, పరీక్ష చేయించండి. మెదడు, వెన్నెముక ఇంకో కౌంటీకి మోసుకెళ్లి రోడ్డు పక్కన పడేయకండి, కొట్టిన చోటే వదలండి, లేదా ల్యాండ్‌ఫిల్‌కి పంపండి.

రెండోది ఇంట్లో తుపాకీ. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి అందేలా గుండు నింపిన తుపాకీ వదిలితే ఈ రాష్ట్రంలో తల్లిదండ్రులది నేరం. సేఫ్ కొనండి, తూటాలు వేరేచోట తాళం వేయండి. రైఫిల్ బడ్జెట్ వేసుకునేటప్పుడే సేఫ్ డబ్బు పక్కన పెట్టండి, మిగిలితే కొంటామనొద్దు.

కొత్త లైసెన్సులు ఆగస్టు మధ్యలో అమ్మకానికి వస్తాయి. దానికి ఇంకా టైముంది. ఈ లోపు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయండి, బయాలజిస్ట్‌కి ఫోన్ చేసి తేదీ తీసుకోండి. భూమి కొన్నవాళ్లు మీ మ్యాప్ ఫోన్లో తెరిచి ఇటు రండి, మంచె ఎక్కడ వేయాలో, ఏ దిక్కుకు కాల్చకూడదో కూర్చుని గీద్దాం.